కళాయి పూసిన ట్యాంకి

కరీంనగర్
10 ఫిబ్రవరి 1964

అక్క నర్మదకు, బావ లచ్చయ్యకు తమ్ముడు దశరథం దండాలతో రాసేది.

ఇక్కడ మేమంతా బాగున్నాం. నీ కొడుకు పోశం ఇంకా బాగున్నాడు. వాడు మా దగ్గరికి వచ్చి లారీ నేర్చుకున్నాడో లేదో గాని తిండి మాత్రం బాగా నేర్చుకున్నాడు. మొన్న మా ఇంటామె దుర్గవ్వ "అల్లుడు గిట్ల తింటే మనం ఓ పిండి గిర్ని పెట్టుకోవాలె" అన్నది. వాడు సిగ్గుపడకుండా ఇంకో రొట్టె అడిగాడు.

నీకు ఒక మంచి కబురు, దాని వెంటే ఒక తలనొప్పి. సిరిసిల్ల నేత సంఘం వాళ్లు నూలుకు రంగులద్దే కార్ఖానా పెట్టారు కదా. దానికి కాస్టిక్ సోడా నీళ్లు కావాలి. ఇన్నాళ్లూ గడ్డలు తెప్పించి అక్కడే కరిగించుకున్నారు. అది నీళ్లలో పడగానే సలసల కాగుతుందట, ఇద్దరికి చేతులు కాలాయట. ఇప్పుడు పెద్దపల్లి దగ్గరి ఫ్యాక్టరీ వాళ్లు నీళ్లుగానే చేసి ఇస్తామన్నారు. అక్కడి నుంచి సిరిసిల్లకు మోసేవాడు కావాలి. సంఘం కార్యదర్శి బాలమల్లు ఇంటికి వచ్చి మరీ నన్ను అడిగాడు. జమ్మికుంట పత్తి బోరాలు అయిపోయాయంటే మన రెండు లారీలు వానాకాలం దాకా వాకిట్లో పండుకునేవే. ఇది ఏడాది పొడుగునా ఉండే పని. దీన్ని నేను వదలను.

తలనొప్పి ట్యాంకితో. సర్కారు ఇన్‌స్పెక్టరు పరీక్ష చేసి, ముద్ర కొట్టిన పలక బిగించిన ట్యాంకి అయితేనే నింపుతామని ఫ్యాక్టరీ నియమం. అటువంటిది హైదరాబాదులో చేయించాలి. అది నా ఒక్కడి తాహతుకు అందేది కాదు. ఇటు గట్టయ్య, అదే బస్టాండు పక్కన లారీలు నడిపే మన పోటీదారు, కిరసనాయిలు పీపాల్లో మోసి చూపిస్తానని బాలమల్లు చెవిలో ఊదుతున్నాడు.

అందుకని నేనొక పని చేశాను. మునిసిపాలిటీ వేలంలో నీళ్ల ట్యాంకి ఒకటి తీసుకున్నాను. లోపలంతా జింకు పూత. ఇన్నేళ్లు నీళ్లు మోసినా చూద్దామంటే తుప్పు లేదు. తుప్పుకే లొంగనిది కాస్టిక్‌కు లొంగుతుందా? ముద్ర సంగతి ఇన్‌స్పెక్టరును బతిమాలి చూసుకుందాం. ఆ బండి పోశమే నడుపుతాడు. కానీ నువ్వు సరేనంటేనే వాణ్ని ఎక్కిస్తాను.

నీ తమ్ముడు,
దశరథం

అవ్వా, లారీ నడుపుడు మంచిగ అచ్చింది. ఫికర్ చెయ్యకు. బాపుకు చెప్పు. – పోశం

*

బెల్లంపల్లి
18 ఫిబ్రవరి 1964

చిరంజీవి దశరథానికి అక్క దీవించి రాసేది.

ట్యాంకి కొన్నాక నా మాట అడిగినందుకు సంతోషం. చిన్నప్పుడు కూడా జామకాయ కొరికాక "తిననా అక్కా" అనేవాడివి.

నాకు కాస్టిక్ కొత్త కాదు. ఇక్కడ కంపెనీ ఇళ్లల్లో సగంమంది ఆడవాళ్లం సబ్బు ఇంట్లోనే చేసుకుంటాం. మీ బావ బొగ్గు బట్టలకు కొట్టు సబ్బు ఏం సరిపోతుంది? నేను మట్టికుండలో కలుపుతాను. ఒకసారి ఒక్క చుక్క మడమ మీద పడింది. ముందు సబ్బు రాసినట్టు జారింది, తర్వాత తోలు ఊడి వచ్చింది. అటువంటిది లారీ నిండా పోసుకుని నా కొడుకు తోలుతాడంటే నాకు అన్నం సయించడం లేదు. వద్దని రాద్దామనే కూర్చున్నాను. కానీ వాడు కింద రాసిన ముక్క చూశాక చెయ్యి రాలేదు. ఇక్కడ ఉంటే వాళ్ల బాపు వెంట గనిలో దిగుతాడు. ఆ భయం కన్నా ఈ భయం చిన్నదని సర్దుకున్నాను.

పీపాలు మాత్రం వద్దు. గట్టయ్య ఏం చేస్తే మనకేంటి. ట్యాంకి అయినా వట్టి జింకు పూతతో వద్దు. మన అవ్వ ఇత్తడి గిన్నెకు కళాయి పోతే అందులో పులుసు పెట్టనిచ్చేదా? చిలుం విషమవుతుందని కొత్త కళాయి పూసేదాకా ఆ గిన్నె బోర్లించి పెట్టేది. చింతపండు పులుసునే ఆపే కళాయి కాస్టిక్‌ను ఆపదా? లోపల అంతా కళాయి పూయించు. మందంగా, రెండుసార్లు.

మాకు ఏటా పూసే అంబదాస్ ఈ వారం ఇక్కడే ఉన్నాడు. చంద్రపూర్ వైపు మరాఠీ మనిషి, చెయ్యి మంచిది. అంత పెద్ద గిన్నె ఎన్నడూ పూయలేదని నవ్వాడు గాని వస్తానన్నాడు. ఈ ఉత్తరం వెనకే పంపిస్తున్నాను. పని ఎగ్గొట్టకుండా దగ్గర కూర్చుని చేయించు.

అక్క,
నర్మద

*

కరీంనగర్
7 మార్చి 1964

అక్కకు దశరథం దండాలతో.

అంబదాస్ వచ్చాడు, పని చేసి వెళ్లాడు. ఆ మనిషిని మెచ్చుకోవాలి. తిత్తి, బొగ్గులు, నవాసాగరం పట్టుకుని ట్యాంకి లోపల దిగాడు. పొగకు దగ్గుకుంటూ బయటికి రావడం, ఇన్ని నీళ్లు తాగి మళ్లీ దిగడం. జింకు మీద కళాయి బాగా పట్టింది. అయిపోయాక మూతలోంచి తల పెట్టి చూశాను. నా మొహం నాకే కనిపించింది. "ఏక్‌దం చాంగ్లా, మంచిగున్నది! గిందుల పెరుగు తోడేసుకోవచ్చు సేట్" అన్నాడు. వాడకట్టు అంతా వచ్చి చూసి పోయారు. పోశం అయితే దానికి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కొండగట్టు దాకా వట్టి బండి తోలుకుపోయి అంజన్నకు మొక్కి వచ్చాడు.

ఇన్‌స్పెక్టరు సాబు మొన్న పెద్దపల్లి వస్తే బండి తీసుకుపోయి చూపించాను. మనిషి కోస్తా వైపు వాడు. లోపలికి తొంగి చూసి మొహం ఒక రకంగా పెట్టాడు. ముద్ర ఇప్పుడే కుదరదన్నాడు. వాళ్ల పద్ధతులు వాళ్లవి.

ఫ్యాక్టరీలో సరుకు నింపే గుమాస్తా మాత్రం మంచివాడు. ముందు పక్క గేటు నుంచి ఒక ట్యాంకి నింపిస్తాను, నాలుగు ఖేపులు బాగా నడిస్తే ముద్ర అదే వస్తుంది అన్నాడు. బాలమల్లు కూడా తొందర పెడుతున్నాడు. ఉగాది దగ్గరికొచ్చింది, రంగు నూలు లేక మగ్గాలు ఆగాయట. పదహారో తారీఖు సోమవారం మొదటి ఖేపు. దీవించు.

దశరథం

అవ్వా, గా ట్యాంకిల నీ మొఖం గూడ సూసుకోవచ్చు. నువ్వస్తే సూపిస్త. – పోశం

*

బెల్లంపల్లి
14 మార్చి 1964

దశరథానికి,

తంతి అందే ఉంటుంది. ఈ పొద్దున పోస్టాఫీసు తెరవగానే పోయి కొట్టించాను. బండి నింపొద్దు. ఎందుకో ఇప్పుడు రాస్తున్నాను, నిలబడి చదువు.

"మొహం ఒక రకంగా పెట్టాడు" అని రాశావు. ఏ రకంగా? నోరు లేదా ఆ ఇన్‌స్పెక్టరుకు? నువ్వు సగం వాక్యం రాశావంటే మిగతా సగం నోట్లో దాచుకున్నావని నాకు తెలుసు. నిన్న నీ ఉత్తరం పక్కన పెట్టి ఆలోచించాను. సబ్బుకు తెచ్చిన కాస్టిక్ ఇంట్లోనే ఉంది. కిందటి నెల అంబదాసే కళాయి పూసిన గిన్నె ఉంది. చూస్తే పోయేదేముందని నీళ్లు కలిపి, అవి వేడిగా ఉండగానే గిన్నెలో పోశాను.

బుడగలు వచ్చాయి తమ్ముడూ. సన్నసన్నగా, అడుగు నుంచి. కళాయి మెరుపు పోయి బూడిద రంగుకు తిరిగింది. తర్వాత అక్కడక్కడ ఇత్తడి బయటపడ్డది. నా ప్రాణం ఉండబట్టలేక జింకు బకెట్లో కూడా కొంచెం పోశాను. అందులో నురగే లేచింది. పులుపును ఆపే కళాయి దీన్ని ఆపలేదు. ఇది పులుపు కాదు. దీని జాతి వేరు. మనం వంటింటి తెలివితో పోయాం.

అప్పుడే మీ బావ పని నుంచి వచ్చాడు. బకెట్ మీదికి వంగి చూశాడు. తర్వాత అడిగాడు: "గీ బుడగలల్ల ఉన్నది గాలి గాదు, అంటుకునే గ్యాసు. మూత బిగిచ్చిన ట్యాంకిల గిది ఏడికి పోతది?" ఆ తర్వాత నా పొయ్యి వైపు చూసి, "గా బకెట్ బయట పెట్టు" అన్నాడు. గనిలో పనిచేసేవాడు ఆ మాట అన్నాడంటే నేను ఇంకొకరిని అడగక్కర్లేదు.

కళాయి మాట నాది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. బండి నింపొద్దు. బాలమల్లు తిడితే తిట్టనీ, గట్టయ్య నవ్వితే నవ్వనీ.

నర్మద

*

కరీంనగర్
20 మార్చి 1964

అక్కా,

తంతి సోమవారం పొద్దెక్కాక నా చేతికి వచ్చింది. అప్పటికే పోశం పెద్దపల్లి వెళ్లిపోయాడు. దొరికిన బస్సెక్కి ఉరికాను. నేను చేరేసరికి పని అయిపోయింది. ముందే చెప్తున్నాను, కంగారు పడకు, అందరం క్షేమం.

ట్యాంకి సగం నింపారట. నీళ్లు కాగుతున్నవి కాగుతున్నట్టే పోశారు. కాసేపటికి లోపల బుసబుసమని చప్పుడు, మూత సందుల్లోంచి నురగ. నింపే మనిషి నోట్లో బీడీ పెట్టుకుని బండి ఎక్కబోయాడు. పోశం గల్లా పట్టి కిందికి గుంజి, "బీడీ పారెయ్యి! గ్యాసున్నది, అందరం పోతం!" అని అరిచాడట. బొగ్గు గని వాడకట్టులో పుట్టిన పిల్లగాడు కాబట్టి వాడికి ఆ బుద్ధి పుట్టింది. అందరినీ దూరం పంపించి మూత మెల్లగా వదులు చేశాడు. లేకుంటే ఏమయ్యేదో నేను రాయలేను. తర్వాత ఫ్యాక్టరీ వాళ్లు సరుకు వెనక్కి తోడుకున్నారు. పోశానికి చెయ్యి కొద్దిగా చుర్రుమన్నది. దవాఖానలో మందు రాశారు. బాగానే ఉన్నాడు.

ఇప్పుడు దాచిన సగం రాస్తాను. ఆ రోజు ఇన్‌స్పెక్టరు అన్న మాటలు ఇవి: "ఏమయ్యా, ఈ మెరుపు ఎవరికి చూపించడానికి? జింకు, ఈ కళాయి తగరం రెండూ కాస్టిక్‌కు పనికిరావు. దీనికి ముద్ర కొట్టను, దీంట్లో సరుకు పొయ్యనివ్వను. ఒప్పుకున్న ట్యాంకి తెచ్చుకో." పక్క గేటు సంగతి ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. పని చేజారుతుందని భయపడ్డాను. ఆయన కోస్తా యాసలో కసురుకుంటే నాకు రోషం కూడా వచ్చింది. రోషంలో మాట వినబడలేదు.

నన్ను ఏమైనా అను.

దశరథం

*

బెల్లంపల్లి
24 మార్చి 1964

దశరథం,

పోశం రాసే ముక్క ఏది?

నువ్వు రాసిన ప్రతి ఉత్తరం కింద వాడు ఒక ముక్క రాస్తాడు. దీంట్లో లేదు. కొద్దిగా చుర్రుమన్న చేతికి ఒక ముక్క రాయడం కూడా రాదా? ఏ చెయ్యి? ఎంత కాలింది?

జవాబు రాయకు. రేపటి ప్యాసింజరుకు వస్తున్నాను.

నర్మద

*

కరీంనగర్
11 మే 1964

అక్కకు దశరథం దండాలతో.

నువ్వు పోశాన్ని తీసుకుని వెళ్లిన నాటి నుంచి ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. బస్టాండులో నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కొడితే బాగుండేదనిపించింది. వాడి చేతికి కట్టు విప్పి చూపించినప్పుడు నీ మొహం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. వేళ్లు వంగుతున్నాయా? కట్టు విప్పారా? ఆ సంగతి ఒక్కటి బావతోనైనా రాయించు.

ఇంకో సంగతి నీతో చెప్పకుండా తేల్చలేను. పని ఇప్పుడు గట్టయ్య చేస్తున్నాడు. పీపాలు ఒకటొకటే కారుతున్నాయి. రోడ్డు పొడుగునా తెల్లటి చారలు, చొప్పదండి దగ్గర ఒక ఎద్దు గిట్టలు పుండ్లయ్యాయని గొడవ కూడా అయింది. నిన్న మన ఇంటికి వచ్చాడు, ట్యాంకి అమ్మమని. నేను కొన్నదాని కన్నా ఎక్కువ ఇస్తానంటున్నాడు. ఆ సొమ్ము చేతికి వస్తే హైదరాబాదు ట్యాంకికి నాకు సగం దారి దొరుకుతుంది.

జరిగిందంతా చెప్పాను అక్కా. ఏమీ దాచలేదు. గట్టయ్య నవ్వి ఏమన్నాడో తెలుసా? "నీ అల్లునికి మూత తీసుడు రాలే. సల్లారినంక పోస్తే ఏం గాదు. నీకెందుకు పరేషాన్, అమ్మేసినంక నాది." తెలిసి కొంటున్నాడు, నేను మోసం చేయడం లేదు. నేను అమ్మకపోతే ఇంకెక్కడో ఒక నీళ్ల ట్యాంకి సంపాదిస్తాడు. దుర్గవ్వ కూడా అమ్మేయమనే అంటున్నది, ఆ మెరుపు వాకిట్లో చూడలేకపోతున్నది.

నువ్వేమంటావు?

దశరథం

*

బెల్లంపల్లి
19 మే 1964

దశరథానికి అక్క రాసేది.

కోపం తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే గట్టయ్య ఆ ట్యాంకి తోలుకుపోతాడు, అందుకని రాస్తున్నాను.

పోశం కట్టు విప్పారు. మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు ముడతలు పడి బిగుసుకుంది. చిటికెన వేలు, దాని పక్క వేలు సగమే వంగుతున్నాయి. దవాఖానలో చెప్పినట్టు రోజూ నూనె రాసి వంచుతున్నాను. వాడు పళ్లు బిగపట్టి కూర్చుంటాడు. ఏడవడు. వాడు ఏడవడు కనుక నేను అవతలికి పోయి ఏడుస్తాను. నిన్న రోకలి పట్టుకుని, లారీ స్టీరింగు తిప్పినట్టు తిప్పుతూ కనిపించాడు. "ఇంక ఆ బండి ఎక్కేది లేదు బిడ్డా" అన్నాను. వాడు రోకలిని ఇంకో పక్కకు తిప్పాడు.

ఇక ట్యాంకి. అమ్మొద్దు. గట్టయ్య బండి తోలేది ఎవడో నాకు తెలియదు. వాడికీ ఒక అవ్వ ఉంటుంది. ఆమె ఊళ్లో గ్యాసు పేరు ఎరిగినవాళ్లు ఉండకపోవచ్చు, బీడీ పారెయ్యమని అరిచేవాడు ఉండకపోవచ్చు. గట్టయ్య తెలిసి కొంటున్నాడంటావు. తెలిసి కొనేది గట్టయ్య, కాలేది వాడి డ్రైవరు. నువ్వు కొన్నదీ అట్లాగే, కాలింది నా కొడుకు.

ఇంకెక్కడో ఇంకో ట్యాంకి సంపాదిస్తాడని రాశావు. సంపాదించనీ. అది మన ఇంటి నుంచి పోకూడదు. నీళ్లకు కూడా ఎవరికీ ఇవ్వొద్దు. కాస్టిక్ తిన్న లోపలి భాగంలో ఏం మిగిలిందో మనకు తెలియదు, ఎండాకాలం ఏ ఊరివాళ్లో పెళ్లి నీళ్లకని తీసుకుపోతారు.

దాన్ని కోయించు. ముక్కలు చేయించు. కోసే ముందు నిండా నీళ్లు పోసి, కడిగి, మూతలన్నీ తీసి రెండు రోజులు ఎండలో పెట్టమని మీ బావ మరీ మరీ చెప్పమన్నాడు. లోపల ఏమన్నా మిగిలి ఉంటే కోసేవాడి ప్రాణం పోతుంది.

తర్వాత ఆ ఇన్‌స్పెక్టరు దగ్గరికి పో. రోషం ఇంట్లో పెట్టి పో. ఎటువంటిది కావాలో ఆయన్నే అడుగు. ఈసారి సగం కాదు, ఆయన చెప్పినవన్నీ నాకు రాయి.

నర్మద

*

కరీంనగర్
2 జులై 1964

అక్కకు, బావకు దండాలతో దశరథం.

కోయించాను. బావ చెప్పినట్టే కడిగి, ఎండబెట్టి, వెల్డింగు పనివాణ్ని వాకిట్లోకే పిలిపించాను. అందరూ నాకు మతి పోయిందన్నారు. అంత మంచి ట్యాంకి, పసుపు కుంకుమ పెట్టినదాన్ని కోస్తారా అని పక్కింటి ముసలమ్మ శాపనార్థాలు పెట్టింది. చొప్పదండి నుంచి ఇద్దరు వచ్చి నీళ్లకైనా ఇమ్మని కాళ్లావేళ్లా పడ్డారు. కాదనడానికి నాకు కష్టమే అయింది.

సగం కోశాక గట్టయ్య వచ్చాడు. "పైసలు వద్దంటే వద్దని చెప్పు, గిట్ల మన్నుల కలుపుడేంది?" అని లొల్లి చేశాడు. కోసిన ముక్క ఒకటి తిప్పి ఎండలో పెట్టి చూపించాను. సగం దాకా కళాయి అట్లాగే మెరుస్తున్నది. కాస్టిక్ నీళ్లు తాకిన కిందిభాగంలో కళాయీ లేదు, దాని కింద జింకూ లేదు, వట్టి నల్లటి ఇనుము. ఒక్క పొద్దు కూడా నిలవలేదు ఆ సరుకు అందులో. గట్టయ్య వంగి వేలితో గీరి చూశాడు. కాసేపటికి, "గిందుల సల్లారినంక పోసినా గిట్లనేనా?" అని అడిగాడు. "నాకు తెల్వది. నువ్వు తోలి సూస్తవా?" అన్నాను. వేలు పంచెకు తుడుచుకుని వెళ్లిపోయాడు.

మూడు రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు. పీపా ఒకటి పగిలి వాడి తమ్ముడి కొడుకు కాలు కాలిందట. దుర్గవ్వ చాయ్ పెడితే తాగకుండానే చెప్పాడు: "దశరథం, ముద్ర ట్యాంకి నీ ఒక్కనితోని గాదు, నా ఒక్కనితోని గాదు. ఇద్దరం కలిస్తే?" పదేళ్లుగా ఒకరి లోడు ఒకరం ఎగరేసుకుపోయేవాళ్లం. అయినా ఒప్పుకున్నాను. నా పాత లారీ ఒకటి, వాడిది ఒకటి అమ్ముతున్నాం. నాది మన అవ్వ పేరు రాయించిన లారీ. నీకు బాధ అనిపిస్తే ఇప్పుడే అను.

ఇన్‌స్పెక్టరును కలిశాను. పక్క గేటు సంగతి కూడా చెప్పేశాను. గంటసేపు తిట్టాడు, నిలబడి విన్నాను. తర్వాత కాగితం తీసుకుని బొమ్మ గీసి చెప్పాడు. మందపు ఉక్కు రేకు, లోపల ఏ పూతా ఉండకూడదు. జింకు వద్దు, తగరం వద్దు, అల్యూమినియం అసలే వద్దు. ఇత్తడి బిరడా కూడా పనికిరాదు, అన్నీ ఉక్కువే. లోపల అడ్డగోడలు ఉండాలి, లేకుంటే మలుపులో నీళ్లు ఒక పక్కకు ఒరిగి బండిని పడేస్తాయి. గాలి పోవడానికి పైన దారి ఉండాలి. మూతి దాకా నింపకూడదు. "ఉక్కు అయితే తుప్పు పట్టదా సార్?" అని అడిగాను. ఈసారి ఆయన నవ్వాడు. "పట్టనివ్వవయ్యా. తుప్పు కంటికి కనిపిస్తుంది" అన్నాడు.

బాలమల్లుకు కూడా చెప్పాను. ముద్ర పడేదాకా ఒక్క చుక్క మోయం, మేమే కాదు గట్టయ్య కూడా మోయడు అని. సంఘంలో పెద్ద గొడవ అయింది. చివరికి అప్పటిదాకా గడ్డలే కరిగించుకుంటామన్నారు. కరిగించేవాళ్లకు రబ్బరు చేతిజోళ్లు కొనిచ్చి మొదలుపెట్టమని నేను పట్టుపట్టాను. కొన్నారు.

దశరథం

*

బెల్లంపల్లి
12 జులై 1964

దశరథానికి,

అవ్వ పేరున్న లారీ పోతే పోనీ. అవ్వ ఉంటే తానే అమ్మించేది.

గట్టయ్య తమ్ముడి కొడుకు కాలికి నేను పోశానికి రాస్తున్న నూనె పంపుతున్నాను. ఎట్లా వంచాలో కూడా రాశాను. మానుతున్నప్పుడు నొప్పి అని వదిలేస్తే బిగుసుకుపోతుంది, చెప్పు.

నీ మీద కోపం కొంచెం తగ్గింది. పూర్తిగా కాదు.

నర్మద

*

కరీంనగర్
5 నవంబరు 1964

అక్కకు దశరథం దండాలతో.

ట్యాంకి వచ్చింది. చూస్తే ఏ అందమూ లేదు. నల్లగా, గేదెలాగ ఉంది. వాడకట్టులో ఒక్కరూ చూడ్డానికి రాలేదు.

ఇన్‌స్పెక్టరు నిన్న వచ్చి పరీక్ష చేశాడు. నిండా నీళ్లు పోయించి, పంపుతో ఒత్తిడి పెట్టించి, ప్రతి అతుకు మీద చెయ్యి పెట్టి తడిమాడు. ఒకచోట చెమట పట్టినట్టు కనిపిస్తే మళ్లీ వెల్డింగు పెట్టించి, మళ్లీ మొదటి నుంచి చూశాడు. గట్టయ్య గొణిగాడు గాని నేను మళ్లీ పంపు పట్టుకున్నాను. పొద్దుగూకే ముందు పలక బిగించి ముద్ర కొట్టాడు. సుత్తి దెబ్బ పడినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో నీకు చెప్పక్కర్లేదు.

పదహారో తారీఖు సోమవారం మొదటి ఖేపు. పెద్ద గేటు నుంచే. పోశం రానక్కరలేదు. వాణ్ని పంపమని అడిగే మొహం నాకు లేదు, అడగను కూడా. బండి నేనే నడుపుతాను. ట్యాంకిని ఎంచింది నేను, దాని ముందు కూర్చోవలసింది కూడా నేనే. మొదటిసారి ఆ మాట నాకు తోచకపోవడమే తప్పు.

నీ తమ్ముడు,
దశరథం

*

బెల్లంపల్లి
12 నవంబరు 1964

తమ్ముడు దశరథానికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం నేనే పైకి చదివాను. చదవకుండా దాచుదామని ఒక్క క్షణం అనిపించింది. మన ఇంట్లో దాచిన సగం మాటలు ఎంత పని చేశాయో గుర్తొచ్చి చదివేశాను.

పోశం అంతా విని, "మామకు చూపు ఆనది. పొద్దుగూకినంక ఎదురుంగ లారీ అస్తే రోడ్డు దిగుతడు. మామెట్ల తోల్తడు?" అన్నాడు. "గట్టయ్య ఎవరినైనా పెట్టుకుంటాడు" అన్నాను. అప్పుడు వాడు చెయ్యి నా ముందు చాపాడు. వేళ్లు ఇప్పుడు పూర్తిగా మూసుకుంటున్నాయి, చిటికెన వేలు ఒక్కటే కొంచెం మొండికేస్తుంది. "అవ్వా, నా చెయ్యి కాలింది ట్యాంకి తోని, బండి తోని గాదు. గిప్పుడు మంచి ట్యాంకి అచ్చింది. గా సరుకు ఎట్ల బుసకొడ్తదో సూసినోన్ని నేనొక్కన్నే. కొత్తోడు కూసుంటే ఆనికేం తెలుస్తది?"

మీ బావ వైపు చూశాను, వద్దంటాడేమోనని. ఆయన ఏమీ అనలేదు. ఆయన గని దిగిన ప్రతి పొద్దూ నేనేమన్నాను గనుక?

నువ్వు సోమవారం అన్నావు. ఈ ఉత్తరం వాడే నీ చేతికి ఇస్తాడు. రేపు తెల్లవారి ప్యాసింజరుకు ఎక్కిస్తున్నాను. నేను మనసు మార్చుకున్నానని గాని, ధైర్యం వచ్చిందని గాని అనుకోకు. కళ్లు మూస్తే కట్టు విప్పినప్పటి ఆ చెయ్యే కనిపిస్తుంది. ఆ భయం అట్లాగే ఉంది. దాన్ని పెట్టుకునే పంపుతున్నాను.

ఈ ఉత్తరం చదవగానే వాణ్ని నేరుగా బండి దగ్గరికి తీసుకుపో. పలక మీది ముద్రను వాడు కాలిన చేత్తో తడిమి చూసిన తర్వాతే తాళంచెవి ఇవ్వు. ఇన్‌స్పెక్టరు చెప్పిన గీత దాటి ఒక చెంబెడు ఎక్కువ పోసినా వాడు బండి కదిలించడు, నువ్వు బతిమాలొద్దు, బాలమల్లును బతిమాలనివ్వొద్దు.

ముందు కూర్చుంటానన్నావు కదా. కూర్చో. నడిపేది పోశం. సిరిసిల్ల దాకా, మళ్లీ వెనక్కి, ప్రతి ఖేపుకూ పక్క సీట్లో నువ్వు.

నీ అక్క,
నర్మద